సముద్రం సబ్బు

గణేశ్ పోయిన రోజు పొలం దగ్గర మోటరు నడవలేదు. నారు పీకి, కట్టలు కట్టి ఒడ్డు మీద పెట్టారు. నాటేసే ఆడవాళ్లు వచ్చి నీడన కూర్చున్నారు. స్టార్టర్ డబ్బా మాత్రం ఒకసారి గుర్రుమని మళ్లీ ఊరుకుంటోంది. "జర చూడు బేటా" అన్నాడు తండ్రి వాల్యా. గణేశ్ చెప్పులు ఒడ్డు మీద విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బురదలోంచి డబ్బా దగ్గరికి నడిచాడు. వాడి అక్క విజయ ఆ సమయంలో మొగుళ్లపల్లి బడిలో ఎనిమిదో తరగతికి పద్యం చెబుతోంది. ఫోనులో తమ్ముడు అని వినబడింది, మోటరు అని వినబడింది. ఆ రెండు మాటలకూ సంబంధం ఏమిటో ఆమెకు చాలాసేపు అర్థం కాలేదు. పిల్లలు పుస్తకాల మీద వేళ్లు పెట్టుకుని ఆమె వైపే చూస్తున్నారు. పద్యంలో ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోవాలని ఆమె వేలు కూడా ఆ పాదం కిందనే ఉంది.

ఇప్పుడు ఎండాకాలం. పాలకుర్తి పోయే బస్సు మహబూబాబాద్ బస్టాండులో ఇంజను నడుపుతూ నిలబడి ఉంది. విజయ కిటికీ పక్కన కూర్చుని, రెండు పాదాల మధ్య యూరియా సంచిలో చుట్టిన నీలం డబ్బాను మడమలతో అదిమి పట్టుకుంది. గంగారం దాటి అడవి అంచున ఉన్న పుట్టింటి తండాలో, పొద్దున అమ్మ ఇప్పపూలు ఏరడానికి పోయిన వేళ చూసి, నిచ్చెన వేసుకుని అటక మీంచి దించింది. దించేటప్పుడే చేతికి తేడా తెలిసింది. బియ్యం బస్తా ఎత్తినంత బరువు ఉంటుందని గట్టిగా ఊపిరి బిగబట్టి ఎత్తితే, డబ్బా తేలిగ్గా పైకి లేచి వచ్చి ఆమె ఛాతీకి తగిలింది. లోపల ద్రవం గుడగుడమని కదిలింది. నిండుగా ఉన్నది అట్లా కదలదు. మూత చుట్టూ వేలితో తడిమింది, పొడిగా ఉంది. అడుగు చూసింది, చిల్లు లేదు. అటక చెక్క మీద మరక లేదు. మరి తక్కువైనది ఎటు పోయింది? గణేశ్ తెచ్చిన రోజు ఇద్దరు పట్టుకుని దించారు దీన్ని ఆటోలోంచి. అటక కిందనే బియ్యం సంచులు ఉంటాయి. కారితే వాటి మీదే కారాలి. కారలేదు. కారకపోతే మంచిదే కదా అని మనసు ఒకసారి అంటుంది, కారకుండా తగ్గితే ఇంకా చెడ్డదేమో అని మళ్లీ అదే అంటుంది.

"ఏంది మేడం ఆ సంచిల? పెట్రోలా?" కండక్టరమ్మ వచ్చి సీటు మీద చెయ్యి వేసి వంగింది.

"కాదమ్మా."

"పురుగుల మందా? అయితే దిగుండ్రి. మొన్న ఒకాయన తెచ్చిన మందు ఒలికి బస్సు బస్సంత వాంతులు."

విజయ మాట వెతుక్కుంది. తెలుగు ఆమె బడిలో నేర్చుకున్న భాష. ఇంట్లో పుట్టిన భాష కాదు కాబట్టి ప్రతి మాటనూ చేతిలోకి తీసుకుని బరువు చూసి గానీ వాడదు. మందు అంటే అబద్ధం, సబ్బు అంటే అంతకన్నా అబద్ధం. "మంటలు ఆర్పేది" అంది చివరికి.

"మంటలార్పేదా! జర మా డ్రైవరన్న మీద పొయ్యి మేడం, పొద్దటి సంది మండుతుండు."

"ముందుగాల నీ నోట్లె పొయ్యమను" అన్నాడు డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఈ మానుకోట నించి తొర్రూరు దాక ఆగదు."

ముందు సీట్లోని వాళ్లు నవ్వారు. కండక్టరమ్మ ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు కొట్టి ఇచ్చి, "ఒలికితె మాత్రం నువ్వే తుడువాలె చూడు" అని వెనక్కు పోయింది. ఒలికితే తుడవడం ఉండదు, తుడిచిన గుడ్డ ఎక్కడ వేయాలి, ఆ గుడ్డ పిండిన నీళ్లు ఎక్కడ పోయాలి అని గణేశ్ అడిగేవాడు. బస్సు కదిలింది. డబ్బా మడమల మధ్య ఒకసారి వణికి సర్దుకుంది.

పదేళ్లకు పైగా సముద్రం మీద పని చేశాడు గణేశ్. కాకినాడ నుంచి పడవలోనో హెలికాప్టర్లోనో పోవాలి. నీళ్ల మధ్య ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన ప్లాట్‌ఫారం, కిందనుంచి గ్యాసూ చమురూ పైకి తోడతారు. చేను కాపలాకు వేసుకునే మంచె లాంటిదే, కాకపోతే ఇనుముది, కింద జొన్నచేనుకు బదులు సముద్రం ఉంటుంది అని చెప్తే అమ్మ వెంటనే తల ఊపింది. అక్కడ చమురుకు నిప్పంటుకుంటే నీళ్లు పనికిరావు, నీళ్ల మీద చమురు తేలి ఇంకా మండుతుంది. అందుకని పెద్ద తొట్టిలో నురగ మందు నింపి పెడతారు, అది నీళ్లతో కలిసి పైపుల్లో పరుగెత్తి మంట మీద దుప్పటిలా పరుచుకుంటుంది. ఆ తొట్లూ పైపులూ చూసుకునే గుత్తేదారు దగ్గర వాడి ఉద్యోగం. వాడి మాట విని అక్కడి వాళ్లు మొదట్లో నవ్వేవాళ్లట, ఏంది అంటే ఏంది అని వాళ్లూ సాగదీసేవాళ్లట. నాలుగేళ్లకు వాళ్లకే ఆ మాట అలవాటైందట. "ఇప్పుడు మా ఇంజనీరు సారు కూడ ఏంది అంటడు అక్క" అని మురిసిపోయేవాడు.

నిప్పు వాడికి కొత్త కాదు. చిన్నప్పుడు ఇంట్లో పోసిన పత్తి కుప్పకు అంటుకుంది. తండా అంతా బావి నుంచి బిందెలతో పరుగెత్తారు. పైన ఆరినట్టు కనబడిన పత్తి లోపల లోపలే కాలుతూ పోయింది, కర్రతో కదిలిస్తే ఎర్రగా కళ్లు తెరిచేది. అమ్మ ఆ బూడిద పక్కన కూర్చుని ఏడవలేదు, తిట్టింది, పత్తిని తిట్టింది, నిప్పును తిట్టింది, బిందెను తిట్టింది. ఆ మండిన ఇంటి గోడ ఇప్పటికీ లోపలివైపు నల్లగానే ఉంటుంది, ఎన్నిసార్లు సున్నం వేసినా. అందుకే వాడు ఉద్యోగంలో కుదురుకోగానే ఆ డబ్బా తెచ్చాడు. ఒడ్డు మీద యార్డులో పాత నురగ డబ్బాలు పేర్చి ఉన్నాయట, పాత సరుకు అన్నారట, ఎవరూ ఏమీ అనలేదట. లెక్కలోంచి ఒకటి పక్కకు జరిపి రైల్లో తెచ్చాడు, తండాకు పండగ బట్టలు తెచ్చినంత సంబరంగా. ఆ సాయంత్రం వాకిట్లో తాంబాళంలో డీజిలు పోసి అగ్గిపుల్ల వేశాడు. బకెట్లో నీళ్లు, నీళ్లలో ఒక గిద్దెడు ఈ ద్రవం, చేత్తో చిలికితే తెల్లగా పొంగింది. ఆ నురగ మంట మీద పోస్తే మంట ఒకసారి కూడా లేవకుండా అట్లనే పడుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాల్యా మీసం కింద నవ్వుకున్నాడు. అమ్మ రుక్కి మాత్రం బకెట్లో మిగిలిన నురగలో చేతులు ముంచి మోచేతుల దాకా రుద్దుకుని చూసి, "గింత నురగ ఏ సబ్బుకు రాదు. గిది సముద్రం సబ్బు" అంది. అప్పటినుంచి దానికి ఆ పేరే నిలిచింది. నెల్లికుదురు వచ్చినట్టుంది, బస్సు ఆగింది, మిరపకాయల బస్తా ఒకటి ఎక్కింది, ఘాటుకు అందరూ ఒకసారి తుమ్మారు. విజయ తుమ్ముతూ కూడా కాళ్లు కదల్చలేదు.

తర్వాత తర్వాత వాడి పని మారింది. ఆ పాత నురగ వద్దన్నారు. చాలా దేశాలు దాన్ని ఆపేశాయట, వాడి కంపెనీ కూడా ఆపాలనుకుంది. ఒక్కొక్క ప్లాట్‌ఫారం మీదా పాతది తీసి కొత్తది నింపడమే ఇక వాళ్ల జట్టు పని. పాతది వంపి కొత్తది పోస్తే అయిపోదా అని ఆమె అడిగింది ఒకసారి. "గంతే అయితే నాకు జీతమెందుకిస్తరు అక్క" అని నవ్వి, ఓపికగా చెప్పాడు. పాతది పల్చన, చమురు మీద పాల మీగడలా పొర కట్టేది. ఆ పొర కట్టే రసాయనమే దాని దోషం కూడా. కొత్తదానిలో ఆ రసాయనం ఉండదు, ఒట్టి బుడగల బలం మీదే మంటను కప్పాలి, అంబలిలా చిక్కగా ఉంటుంది. పాతదాన్ని కొలిచి నీళ్లలో కలిపే సామాను దీన్ని అదే కొలతలో లాగలేదు, దాన్నీ మార్చాలి, చివరన చిమ్మే మూతులూ మార్చాలి, మార్చి నిజంగా చిమ్మించి చూడాలి. అదంతా ఒక ఎత్తు, కడగడం ఒక ఎత్తు. తొట్టి కడిగితే ఆ కడిగిన నీళ్లు సముద్రంలో పోయకూడదు, డ్రమ్ముల్లో పట్టాలి. మళ్లీ కడిగితే అవీ పట్టాలి. పైపు వంపుల్లో, నీళ్లు కదలని మూలల్లో అది అంటుకుని కూర్చుంటుంది, కొత్తది పోశాక మెల్లగా దానిలోకి దిగుతుంది. "కొత్త తొట్టిల పాతది దొరుకుతది అక్క, మనుషుల లెక్కనే" అన్నాడు. పట్టిన డ్రమ్ములన్నీ ఓడ మీద ఒడ్డుకు, ఒడ్డు నుంచి ఇటుక బట్టీ కన్నా ఎన్నో రెట్లు వేడిగా ఉండే కొలిమికి. అంత వేడికి తప్ప అది విడిపోదు. ఎండకు ఆరదు, వానకు కొట్టుకుపోదు, మట్టిలో ఇంకినా మట్టి కాదు, ఒంట్లోకి పోతే ఏళ్ల తరబడి ఉంటుంది. "తాగంగనే చస్తరని కాదు. చెడ్డది చేస్తదో చెయ్యదో ఒక్కొక్కల సంగతి ఎవ్వలు చెప్పలేరు. కని పోదు. గంతే."

ఆమెకు నిద్ర పట్టనిది ఆ మార్పిడి జరిగే రోజుల్లోనే. పాతది తీసేశారు, కొత్తది ఇంకా పరీక్ష కాలేదు, తొట్టి ఖాళీ, కింద గ్యాసు నడుస్తూనే ఉంది. ఆ రోజుల్లో హెలికాప్టరు దిగనివ్వరట, పక్కన ఒక పడవ పైపులు ఎక్కుపెట్టుకుని తిరుగుతూ ఉంటుందట, వంటింట్లో పూరీలు బంద్ అట, అందరూ తెలియకుండానే చిన్నగా మాట్లాడతారట. ఏ చిన్న మూత విప్పాలన్నా ముందు కరెంటు ఆపి, ఆపిన చోట తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకుని, ఇంకొకడు వచ్చి లాగి చూశాకనే చెయ్యి పెట్టాలట. ఆమె బడిలో హాజరు పిలుస్తూ కూడా ఆ ఖాళీ తొట్టిని తలుచుకునేది. తన భయాన్నంతా తీసుకుపోయి సముద్రం దగ్గర పెట్టింది, పొలం దగ్గర కొంచెం కూడా ఉంచలేదు. ఆ స్టార్టర్ డబ్బాకు మూత ఉందా, తీగలు బయటికి ఉన్నాయా అని ఒక్కనాడు కూడా అడగలేదు. అడగాలని ఎవరికి తోస్తుంది. వాడికే తోచలేదు. జేబులో తాళం చెవి లేకుండా చెయ్యి పెట్టనివాడు, నాయిన అడిగాడని, ఇంటి పొలం కదా అని, కరెంటు ఆపకుండానే చెప్పులు విడిచి పోయాడు. ఇంటి దగ్గర మనిషి కొంచెం వదులుగా ఉంటాడు. వాల్యా ఆ రోజు నుంచి మాట్లాడడం మానేశాడు. పొద్దున ఆమె డబ్బా దించుతుంటే నిచ్చెన కింద పట్టుకుని నిలబడ్డాడు, ఎందుకని అడగలేదు. దిగాక ఆమె చీర కొంగుకు అంటిన బూజు చేత్తో తీసి పక్కన పడేశాడు.

వాడు ఆ ఆఖరి సెలవుకు వచ్చింది ఈ డబ్బా కోసమే. ఫోనులో చెప్పాడు, "నేను తెచ్చినప్పుడు నాకే తెల్వది అక్క. ఎవ్వలు ముట్టకుండ చూడు. ఈసారి తీస్కపోయి డ్రమ్ములల్ల కలిపేస్త" అని. మర్నాడు తీసుకుపోవాలనుకున్నాడు. ఆ మర్నాడు వాడి జట్టులోని నగేష్ పాలకుర్తి నుంచి వచ్చి పాడె పట్టాడు. ఇప్పుడు నగేష్ సెలవు ముగించుకుని మళ్లీ కాకినాడ పోతున్నాడు, డబ్బా తెచ్చివ్వమన్నాడు, తెచ్చిస్తోంది. మొగుడు హరిలాల్ భూపాలపల్లి గనిలో అగ్గి సామాను చూసేవాళ్లను అడిగాడు. వాళ్లు, మా దగ్గరున్న పాతదే ఎక్కడ పెట్టాల్నో తెల్వక కూసున్నం, మళ్ల నీదొకటా అన్నారట. అందుకని ఈ మూడు జిల్లాల్లో ఈ డబ్బాను పుచ్చుకునే మనిషి నగేష్ ఒక్కడే. పాలకుర్తి దాకా ఒలకకుండా తీసుకుపోతే చాలు. గంటన్నర ప్రయాణం. డబ్బా ఎందుకు తేలికైందో ఆ ముడి ఒక్కటి మాత్రం విడలేదు.

ఫోను మోగింది. అమ్మ.

అమ్మ ఫోనులో కూడా అడవికి అవతల ఉన్న మనిషిని పిలిచినట్టే మాట్లాడుతుంది, తండా భాషలో, గట్టిగా. విజయ కూడా అమ్మను ఆ భాషలోనే యాడీ అని పిలుస్తుంది. "విజ్జీ, నా కొడుకు సబ్బు డబ్బ ఏదే? అటక మీద లేదు. మీ నాయిన్ను అడిగితే గోడకు చెప్పినట్టున్నది."

"నా దగ్గరనే ఉన్నది యాడీ. నగేష్‌కు ఇయ్యబోతున్న. అది కంపెనీది, వాపస్ ఇయ్యాలె."

"సగం డబ్బ వాపస్ తీస్కొని ఏం జేసుకుంటరు వాళ్లు? ముచ్చట కాకపోతే!"

"నిండుగ ఉండె కద యాడీ. సగం ఎట్లయింది?"

"ఎట్లయితది, వాడితే అయింది. వాని దినాలకు వాడినం. వచ్చినోళ్లు పండుకున్న బొంతలు, చద్దర్లు, జంపఖానలు, ఇంట్ల గుడ్డపేలిక మిగలకుంట బావికాడ హౌజుల నానేసి పిండినం. మైల బట్ట కద, పిండొద్దా? నువ్వు లోపట పడిపోయి ఉంటివి, నీకేం తెలుస్తది. ఎంత నురగ లేచిందే విజ్జీ! హౌజు దాటింది, బావి గట్టు దాటింది, బావిల పడ్డది, బావి లోపట తెల్లగ పువ్వు పూసినట్టు. పక్కింటి చాందీ వాళ్ల బొంతలు కూడ ఎత్తుకొచ్చింది, ఆమెను చూసి అందరు తెచ్చిండ్రు. గణేశ్ సబ్బు, గణేశ్ సబ్బు అనుకుంట పిండిండ్రు. పిల్లలు నెత్తులకు పెట్టుకొని ఎగిరిండ్రు. నా కొడుకు అంత దూరం నించి మోసుకొచ్చింది, వాని దినాలకు కాకుంటె ఇంకెప్పుడు వాడుత?" అమ్మ ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత గొంతు తగ్గింది. "ఆ పూట ఒక్కటే నేను ఏడ్వలేదే."

బస్సు ఏదో గుంతలో దిగి లేచింది. డబ్బాలో మిగిలిన సగం అటు కొట్టుకుని ఇటు వచ్చింది.

"యాడీ. ఆ బావి నీళ్లు..."

"నీళ్లకేమైంది? తియ్యగనే ఉన్నయి. నల్లా నీళ్లు మందు వాసనని ఎవ్వలు తాగుతలేరు. ఏం, నీకొక సీస పంపాల్నా?"

"ఏం లేదు. మళ్ల చేస్త" అంది విజయ. ఫోను చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకుంది, అవతల పెట్టేశాక కూడా.

అయితే అది అప్పుడన్న మాట. దినాల రోజు లోపలి గదిలో ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. బయట నీళ్ల చప్పుడు, ఆడవాళ్ల గొంతులు, పిల్లల కేకలు. ఇంత దుఃఖం ఉన్న ఇంట్లో పిల్లలు నవ్వుతున్నారేమిటి అనిపించింది. మంచిదే, నవ్వనీ అని కూడా అనిపించింది. ఒకసారి లేచి గడప దాకా వచ్చింది. వాకిట్లో గుండు చేయించుకున్న నాయిన మంచం మీద కూర్చుని ఉన్నాడు. గాలికి బావి వైపు నుంచి తెల్లటి తునక ఒకటి తేలుతూ వచ్చి ఆయన భుజం మీద వాలింది. బూరుగు దూది అనుకుంది ఆమె. కాలం కాని కాలంలో బూరుగు దూది ఎక్కడిదని అనుకోలేదు. ఆయన దాన్ని తుడుచుకోలేదు. ఆమె కళ్ల ముందే అది చిన్నగా కుంగి, భుజం మీద తడి మచ్చగా మిగిలింది. ఆ సాయంత్రం బావి నీళ్లు చల్లగా ఉన్నాయని ఎవరో చెంబుతో తెచ్చి ఇస్తే తాగింది. మర్నాడూ తాగింది. ఉన్నన్నాళ్లూ తాగింది. మొన్న వచ్చినప్పటి నుంచి ఇవాళ పొద్దున బస్సుకు బయలుదేరేదాకా తాగింది. భుజం సంచిలో ఉన్న సీసాలోవీ ఆ నీళ్లే. సీసా బయటికి తీసింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఊపింది. బుడగలు లేచి వెంటనే ఆరిపోయాయి. అన్ని నీళ్లకూ అట్లాగే లేచి ఆరిపోతాయి. దీనిని బట్టి ఏమీ తెలియదు. మూత బిగించి మళ్లీ లోపల పెట్టింది, కిటికీలోంచి పారబోయాలనిపించి కూడా పారబోయలేదు.

బావి పక్కన కట్టిన హౌజు నిండా నీళ్లు. హౌజు నుంచి కాలువ, కాలువ నుంచి వరి మడి, మడి కింద చెలమ, చెలమ దగ్గర బర్రెలు. బావిలో ఎంత పడిందో. పిండిన బొంతలు తండాలో ప్రతి ఇంట్లో ఉన్నాయి, పిల్లలు వాటి మీదే పడుకుంటున్నారు. సముద్రంలో ఒక చుక్క పడకూడదని కడిగిన నీళ్లను కూడా డ్రమ్ముల్లో పట్టినవాడు. ఆ డ్రమ్ములకు మూతలు బిగించి, ఒక్కో మూతను చేత్తో తిప్పి చూసి గానీ ఓడ ఎక్కించనివాడు. ఒక్క డబ్బా, అదీ తెలియక తెచ్చింది, తండాను మంట నుంచి కాపాడాలని తెచ్చింది. ఇప్పుడు ఆమె వెళ్లి ఏమని చెప్పాలి? గణేశ్ సబ్బు మంచిది కాదని చెప్పాలి. ఎవరితో చెప్పినా ఆ మాట మొదట రుక్కికే తగులుతుంది. కొడుకు పోయాక అమ్మకు ఒకే ఒక పూట దొరికింది ఏడవకుండా, ఆ పూటనే పట్టుకుని వెనక్కు లాగాలి. చెప్పకపోతే? రుక్కి తాగుతుంది, వాల్యా తాగుతాడు, చాందీ పిల్లలు తాగుతారు, వాళ్లకేమైనా అవుతుందో కాదో ఎవరూ చెప్పలేరు. చెప్పలేరు కాబట్టి ఊరుకోవచ్చు అని ఒక ఆలోచన వచ్చి పక్కన కూర్చుంది. కిటికీ అవతల కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఎరుపు ఎంతకీ అయిపోలేదు. అదేదో ఒక్క మాట దొరికితే బాగుండు, బావి నీళ్లు తాగొద్దు అని అందులో ఉండాలి, గణేశ్ పేరు ఉండకూడదు. మాటల మనిషి ఆమె, వెతికింది. తొర్రూరు వచ్చింది, బస్సు సగం ఖాళీ అయి మళ్లీ నిండింది. దొరకలేదు. ఊట చెడిందని చెప్తే? బావిలో పాము పడిందని చెప్తే? పాము పడితే తీసేసి మర్నాటి నుంచి తాగుతారు. అబద్ధానికి ఆయుష్షు తక్కువ, ఆ రసాయనానికి ఎక్కువ.

పాలకుర్తిలో నగేష్ బస్సు మెట్టు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. గణేశ్ ఈడువాడే, సముద్రపు గాలికి ముఖం నల్లబడింది. "నేను పట్టుకుంట అక్క, నువ్వు దిగు" అని సంచి అందుకున్నాడు. వెనక నుంచి కండక్టరమ్మ, "ఒలకలె కద మేడం? మా డ్రైవరన్న అదృష్టం లేదు పో" అంది. బస్సు పోయింది.

"మా సారుతోని మాట్లాడిన" అన్నాడు నగేష్. "గణేశ్ పేరు చెప్తే కిక్కురుమనలె. మా బావ డీసీఎం బండి రేపు కాకినాడ పోతది, దాంట్ల కట్టుకొని పోత. ఈసారి పోయే డ్రమ్ములల్ల గిది కూడ కలుపుతం. ఇగ ఫికర్ చెయ్యకు." అంటూనే డబ్బాను చేతిలో ఒకసారి ఎగరేసి బరువు చూశాడు. ముఖం మారింది. "సగమే ఉన్నదేంది?"

చెప్పింది. ఎక్కువ మాటలు పట్టలేదు. నగేష్ డబ్బాను మెల్లగా నేల మీద పెట్టి దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఆటోవాడు ఒకడు వచ్చి ఎక్కడికన్నా అని అడిగితే చేత్తోనే పొమ్మన్నాడు.

"తొట్టి అయితే కడుగుతం" అన్నాడు. "కడిగిన నీళ్లు పడతం. మళ్ల కడుగుతం. బావిని... బావికి అడుగున ఊట ఉంటది కద అక్క."

"నీళ్లు పరీక్ష చేస్తరా ఎక్కడన్న?"

"పట్నంల చేసేటోళ్లు ఉన్నరట. మామూలు నీళ్ల పరీక్ష కాదది. మా ఇంజనీరు సారును అడిగి చెప్త. కని రిపోర్టు వచ్చేదాక ఆగొద్దు అక్క. ముందుగాల తాగుడు బంద్ చేయించాలె."

"మా యాడీకి ఎట్ల చెప్పాలె నగేష్?"

నగేష్ తల ఎత్తి చూశాడు. "నన్ను చెప్పమంటవా? నాది తప్పు అని చెప్త. నేనే ఇచ్చిన డబ్బ అని చెప్త. నన్ను తిడ్తరు, తిట్టనీ."

ఆ మాట తీసుకోవాలని ఆమెకు అనిపించింది. ఎదురుగా చాచిన చెయ్యి అది, పట్టుకుంటే ఒడ్డుకు చేరవచ్చు. "వద్దు" అంది. "నేనే చెప్త."

అతను డబ్బా ఎత్తుకుని వెళ్లాడు. నాలుగు అడుగులు పోయి ఆగి, మూత బిగువుగా ఉందో లేదో వేళ్లతో తిప్పి చూసుకుని మళ్లీ నడిచాడు. విజయ మొగుళ్లపల్లి పోవాల్సిన మనిషి, రేపు బడి ఉంది. రోడ్డు దాటి, అవతలి వైపు, మహబూబాబాద్ బస్సు ఆగే చోట నిలబడింది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎండ వంగింది. తండాలో ఇది నీళ్లు తోడుకునే వేళ. అమ్మకు ఫోను కలిపింది. మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారి కలిసింది, "చెప్పే విజ్జీ" అంది అమ్మ. వెనక గిరక చప్పుడు వినబడుతోంది.

"ఎక్కడున్నవ్ యాడీ?"

"బావికాడ. ఏందే, బస్సు దొరకలేదా?"

"వస్తున్న" అంది విజయ. "ఇంటికే వస్తున్న." ఇంకొక మాట చెప్పే లోపల సిగ్నల్ పోయింది.

బావి నీళ్లు ఇంకా పరీక్షకు తీయలేదు. అవి తాగొద్దని తండాలో ఇంకా ఎవరికీ చెప్పలేదు.